బత్తాయి కేకు – చక్కెర లెక్క

మధురానగర్‌లో మన సంస్థ నడిపే బేకింగ్ తరగతికి ఓవెన్లు, గిన్నెలు, తూకపు మిషన్లు మీ చందాలతోనే వచ్చాయి. జమాఖర్చుల వివరాలు ఈ సంచికలో వేరేచోట ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఆ తరగతిలో చెప్పే పాఠం ఒకటి రాస్తున్నాము. మీ ఇళ్ళలో చేసుకోవడానికి పనికొస్తుంది. మీ సాయంతో పని నేర్చుకున్న అమ్మాయి రేపు మీకే కేకు అమ్మితే ఏమడగాలో కూడా తెలుస్తుంది.

అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, మధురానగర్ గల్లీల్లో హాస్టళ్ళకు లెక్కలేదు. అక్కడి పిల్లలకు పుట్టినరోజు కేకు మీద క్రీము ఉండాలి, పేరు ఉండాలి, రాత్రి పన్నెండింటికి చేతికందాలి. అంతకుమించి ఏమీ అడగరు. కుటుంబాల నుంచి వచ్చే ఆర్డర్లు అలా కాదు. "మా అబ్బాకు షుగర్ ఉంది ఆపా, చక్కెర లేకుండా చేసిస్తారా?" అంటారు. ఇంట్లో చేసి అమ్ముకునే ఆడమనిషికి ఆ ఆర్డరు వదులుకోవడం కష్టం. "బెల్లంతో చేస్తాం, ఏమీ కాదు" అనడం తేలిక. ఆ "ఏమీ కాదు" అన్న మాట దగ్గరే మా పాఠం మొదలవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఆ లెక్క చెప్పింది. ఈ సంచిక చదువుతున్న ఇళ్ళలో మాత్రల డబ్బా లేని ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే చూసుకోండి. కాబట్టి కేకులో ఏం వేశామన్నది రుచికి సంబంధించిన సంగతి ఒక్కటే కాదు.

బెల్లం చక్కెరే

చెరుకు రసాన్ని కాచి, మడ్డి తీసి, గట్టిపడే దాకా ఉడికిస్తే బెల్లం. అదే రసాన్ని శుద్ధి చేసి స్ఫటికాలుగా విడదీస్తే చక్కెర. రెంటి తల్లి ఒక్కటే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల బెల్లంలో పిండిపదార్థం 85 గ్రాముల దాకా ఉంది. దాదాపు అదంతా చక్కెరే. ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజం. కానీ ఇనుము కోసం బెల్లం తినాలంటే చాలా తినాలి, దానితోపాటు అంత చక్కెరా లోపలికి పోతుంది. రక్తంలో చక్కెరను పెంచడంలో బెల్లం తెల్ల చక్కెరకు తీసిపోదు.

అనకాపల్లి బెల్లం దేశమంతటా పేరున్నది. తెలంగాణలో కామారెడ్డి వైపూ బెల్లం వండుతారు. కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం వల్ల వస్తుంది. ముదురు రంగు బెల్లం మంచిదని చెబుతాము, కానీ గుడుంబా బట్టీలకు పోతుందని నల్లబెల్లం మీద ఎక్సైజు వాళ్ళ కన్ను ఉంటుంది. పాపం, కేకు కోసం వెతుకుతున్నామని అంగడివాడికి చెప్పుకోవలసి వస్తుంది.

తేనె, తాటిబెల్లం, కొబ్బరి చక్కెర కూడా ఈ కుటుంబంలోనివే. బజారులో దొరికే బ్రౌన్ షుగర్ చాలావరకు తెల్ల చక్కెరకు మళ్ళీ మడ్డి పట్టించినదే. వాటి మీద ఎక్కువ రాయనక్కరలేదు.

ఖర్జూరం కథ కొంచెం వేరు. ఎండు ఖర్జూరం గుజ్జులో 100 గ్రాములకు 63 నుంచి 66 గ్రాముల చక్కెర, 7 లేక 8 గ్రాముల పీచు ఉంటాయి. పీచు వల్ల చక్కెర రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరుతుంది. రంజాన్‌లో ఉపవాసం విరమించేటప్పుడు రెండు మూడు పళ్ళు తింటాము. కేకులో పడేవి మాత్రం పాతిక ముప్ఫై పళ్ళు. ఖర్జూరం మీద మనకున్న ప్రేమ వేరు, తక్కెడ వేరు.

స్టీవియా, సుక్రలోజ్ వంటి తీపి పొడుల గురించి కూడా తరగతిలో అడుగుతుంటారు. బరువు తగ్గడానికి వీటిని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. అయితే ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళను ఆ సూచన నుంచి మినహాయించింది. వాళ్ళు తమ డాక్టరును అడిగి తేల్చుకోవలసిన విషయం అది. బేకింగ్ పరంగా మా ఇబ్బంది వేరే ఉంది. చిటికెడు పొడి తీపినిస్తుంది కానీ కేకులో చక్కెర చేసే మిగతా పనులేవీ చేయదు.

కేకులో చక్కెర చేసే పని

చక్కెర తీపి కోసమే అనుకుని దాన్ని తీసేసిన కేకు రొట్టెలా గట్టిగా వస్తుంది. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే కేకు రెండో రోజుకు కూడా మెత్తగా ఉంటుంది. పిండిలోని జిగురు గట్టిపడకుండా అడ్డుపడుతుంది. వెన్నతో కలిపి గిలకొట్టినప్పుడు ఆ పలుకుల అంచులు గాలిని లోపలికి లాక్కుపోతాయి. పైన గోధుమరంగు రావడంలోనూ దాని చేయి ఉంది.

బెల్లం ఈ పనుల్లో చాలావాటిని చేస్తుంది. తేమను ఇంకా బాగా పడుతుంది కాబట్టి బెల్లం కేకు ఆరిపోదు. కానీ త్వరగా నల్లబడుతుంది, ఓవెన్ వేడి పది డిగ్రీలు తగ్గించాలి. ఖర్జూరం గుజ్జు కూడా తేమను పడుతుంది. గాలిని పట్టడం మాత్రం ఈ రెండింటికీ చేతకాదు. ఆ పని గుడ్లకు అప్పగించాలి, కొంత సోడాకు, పెరుగుకు వదిలేయాలి.

పరమాన్నం వండే ఇళ్ళలో అందరికీ తెలిసిన జాగ్రత్త ఇక్కడా పనికొస్తుంది: వేడి పాలలో బెల్లం వేస్తే విరుగుతాయి. బెల్లం కేకుకు పాలు వాడవద్దు. గోరువెచ్చని నీటిలో బెల్లం కరిగించి, వడగట్టి, చల్లార్చి వాడండి. వడగట్టడం మరవకూడదు, అడుగున ఇసుక, చెరుకు పిప్పి కనిపిస్తాయి.

ఇంతకీ మా తరగతిలో చెప్పే అసలు సంగతి ఏమిటంటే, చక్కెర స్థానంలో ఇంకొకటి పెట్టడం వల్ల రోగికి ఒరిగేది తక్కువ. మొత్తం తీపిని తగ్గించడం వల్లే లాభం. తీపి తగ్గిన కేకు చప్పగా ఉండకూడదంటే వాసన కావాలి. అందుకే బత్తాయి.

పండులో వాసన ఎక్కడుంది

తెలంగాణలో బత్తాయికి నల్లగొండ పెట్టింది పేరు. మనం ఎక్కువగా చూసేది సాత్‌గుడి రకం. మన ఉర్దూ ఇళ్ళలో మోసంబి అంటాము. తోలు ఆకుపచ్చగా ఉందని పచ్చికాయ అనుకోవద్దు. వెచ్చటి ప్రాంతాల్లో పండు పక్వానికి వచ్చినా తోలులో ఆకుపచ్చ పూర్తిగా పోదు. చేతిలోకి తీసుకుని చూడండి. సైజుకు తగ్గ బరువుంటే రసం ఉన్నట్టే. ఎర్రగడ్డ రైతు బజారులో కిలో లెక్కన కొనేవాళ్ళు తోలు నున్నగా ఉన్నవి ఏరుకుంటే తురమడం సులువవుతుంది.

నారింజ అనే మాట ప్రయాణం గురించి తరగతిలో ఒక మాట చెబుతుంటాము, పిల్లలకు సరదాగా ఉంటుంది. దక్షిణాది భాషల్లోని ఈ మాటే సంస్కృతంలో నారంగమై, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, స్పెయిన్ చేరి నరంహా అయింది. ఇంగ్లీషు వాళ్ళ ఆరెంజ్ కూడా అక్కడి నుంచే. శర్కర అన్న మాటా అలాగే షకర్, సుక్కర్, షుగర్ అయింది. పండునూ చెరుకునూ పడమటికి తీసుకుపోయినవాళ్ళలో అరబ్బు రైతులు, వర్తకులు ముందువరసలో ఉన్నారు. కైరోలో పుట్టిన క్లాడియా రోడెన్ 1968లో తెచ్చిన మధ్యప్రాచ్య వంటల పుస్తకంలో ఒక నారింజ కేకు ఉంది. పళ్ళను తోలుతో సహా ఉడికించి, మెత్తగా చేసి, బాదం పొడితో కలిపి కాలుస్తారు. పలుచని తోలున్న కమలాతో అది చేసుకోవచ్చు. బత్తాయికి ఆ పద్ధతి వద్దని మా సలహా. దాని తోలు కింద తెల్లటి పొర మందం, చేదు మిగిలిపోతుంది.

బత్తాయి రసంలో వాసన తక్కువ. అసలు వాసన తోలు పైపొరలోని సన్నటి నూనె బుడ్డల్లో ఉంది. తోలును గోరుతో నొక్కితే కంట్లోకి చిమ్మేది ఆ నూనే. ఆ పైపొరను మాత్రమే, తెల్లపొర తగలకుండా, సన్నటి తురుముపీట మీద తురమాలి. ముందుగా పళ్ళను గోరువెచ్చని ఉప్పునీటితో రుద్ది కడిగి, బాగా తుడవాలి. ఈ సుగంధం నూనెలో కరుగుతుంది, నీటిలో సరిగా కరగదు. కాబట్టి తురిమిన తోలును వెంటనే కేకులో వాడే నూనెలో వేసి అరగంట ఉంచండి. ఈ ఒక్క పనితో మా తరగతిలో చేసే కేకుల వాసన మారిపోయింది. వెనిల్లా ఎసెన్సు అక్కర్లేకుండా పోయింది కూడా. ఎసెన్సులు కొన్ని ఆల్కహాలులో కలిపి తయారవుతాయి కాబట్టి సీసా చదివి కొనమని మామూలుగా చెబుతుంటాము. ఈ కేకుకు ఆ చిక్కే లేదు.

రసం విషయంలో ఇంకొక జాగ్రత్త. బత్తాయి రసం పిండి పెట్టి ఉంచితే చేదెక్కుతుంది. పండు కణాల్లో రుచిలేని పదార్థం ఒకటి ఉంటుంది. రసం తీశాక పులుపు తగిలి అది నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. గింజల్లోనూ లిమోనిన్ ఎక్కువ. అందుకని రసం ఆఖరి నిమిషంలో, గింజలు నలగకుండా చేత్తో పిండాలి. మిక్సీలో వేయకూడదు.

చేసే పద్ధతి

గింజలు తీసిన మెత్తని ఖర్జూరం 150 గ్రాములు తూచి తీసుకోండి. బేగంబజారులో విడిగా అమ్మే మామూలు రకం చాలు, ఖరీదైనది అవసరం లేదు. తళతళలాడే పాకం పూత ఉన్నది మాత్రం వద్దు, అది పైనుంచి పట్టించిన చక్కెర. 100 మిల్లీలీటర్ల వేడినీటిలో అరగంట నానబెట్టి, ఆ నీటితోనే మెత్తగా రుబ్బండి. రెండు బత్తాయిల తోలు తురుమును 80 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనెలో వేసి పక్కన పెట్టండి.

గోధుమపిండి 120 గ్రాములు, సన్నటి బొంబాయి రవ్వ 60 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, తినే సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. రవ్వ జల్లెడలో మిగిలితే మళ్ళీ కలిపేయండి. రవ్వ ఎందుకని అడుగుతారు. ఖర్జూరం గుజ్జు బరువుగా ఉంటుంది, ఉత్తి గోధుమపిండితో కేకు జిగటగా కూర్చుంటుంది. రవ్వ నీటిని పీల్చి పొడిపొడిగా నిలబెడుతుంది. మొహర్రం రోజుల్లో దమ్ కే రోట్ చేసే ఇళ్ళవాళ్ళకు రవ్వ గుణం చెప్పనక్కరలేదు. సోడా మాత్రం పావు చెంచా దాటకూడదు. బత్తాయిలో పులుపు తక్కువ. దానికీ పెరుగుకూ ఆ మాత్రమే సరిపోతుంది. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

రెండు గుడ్లు, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయినవి, అయిదు నిమిషాలు గిలకొట్టండి. నురుగు తెల్లబడి రెట్టింపు కావాలి. ఇక్కడ బద్ధకిస్తే తరువాత దిద్దుకోవడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఈ కేకులో గాలి చేరే చోటు ఇదొక్కటే. తురుముతో సహా నూనెను సన్నటి ధారగా పోస్తూ కలపండి. తరువాత ఖర్జూరం గుజ్జు, 50 గ్రాముల చిక్కటి పెరుగు వేయండి. అప్పుడు బత్తాయిలు కోసి 80 మిల్లీలీటర్ల రసం పిండి పోయండి. చివరగా పిండిని రెండు విడతలుగా వేసి గరిటెతో కింద నుంచి పైకి కలపండి. పొడి కనిపించకపోతే ఆపేయాలి.

ఏడు అంగుళాల గుండ్రటి గిన్నెకు నూనె రాసి, అడుగున కాగితం వేసి, పిండి పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 165 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే తడిపిండి అంటకూడదు, ఒకటి రెండు రవ్వలు అంటినా ఫరవాలేదు. ఓవెన్ లేనివాళ్ళు మందపాటి పాత అల్యూమినియం గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడిచేసి, కేకు గిన్నె అందులో దించండి. సన్నటి మంట మీద 50 నిమిషాల దాకా పడుతుంది. రోజూ వంటకు వాడే కుక్కరును దీనికి పాడుచేసుకోవద్దు.

పూర్తిగా చల్లారాక కోయాలి. నిజానికి మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది. తోలు వాసన కేకంతా పరుచుకుంటుంది, ఖర్జూరం ముక్కు మీదికి రాదు.

బెల్లంతో చేయాలనుకునేవారు ఖర్జూరం బదులు 120 గ్రాముల బెల్లం తీసుకుని, 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి వాడవచ్చు. ఓవెన్ 155 డిగ్రీలు చాలు. మా అభిప్రాయంలో బెల్లం ఘాటు బత్తాయి సున్నితమైన వాసనను మింగేస్తుంది. బెల్లానికి నిమ్మతోలు జోడీ. బెల్లం పానకంలో నిమ్మ ఎలా నిలబడుతుందో కేకులోనూ అలాగే నిలబడుతుంది.

ముక్కకు ఎంత

ఇప్పుడు తక్కెడ దగ్గరికి వద్దాం. 150 గ్రాముల ఖర్జూరంలో సుమారు 98 గ్రాముల చక్కెర, బత్తాయి రసంలో ఇంకో 7 గ్రాములు. మొత్తం 105. కేకును 12 ముక్కలు చేస్తే ముక్కకు 9 గ్రాములు. పిండి, రవ్వల నుంచి మరో 10 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. రెండూ కలిపితే 19 గ్రాములు, అంటే 30 గ్రాముల పిండితో చేసిన ఒక పుల్కాతో సమానం.

మామూలు కేకులో పిండి ఎంతో చక్కెర అంత వేస్తారు. అదే 180 గ్రాముల లెక్కన ముక్కకు 15 గ్రాముల చక్కెర. దాని స్థానంలో అంతే బరువు బెల్లం వేస్తే ముక్కకు 13 గ్రాములు. 15కీ 13కీ మధ్య తేడాను నమ్ముకుని షుగర్ ఉన్న మనిషి రెండు ముక్కలు తింటే? బెల్లమే కదా అని సరిగ్గా అలాగే తింటారు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి బయటి నుంచి కలిపే చక్కెర 50 గ్రాములు మించకూడదనీ, 25 లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్కలో బెల్లానికి, తేనెకు మినహాయింపు లేదు.

షుగర్ ఉన్నవాళ్ళు మా కేకు తినవచ్చా అని అడిగేవారికి మేము చెప్పేది ఇంతే: భోజనంలో ఒక పుల్కా తగ్గించి ఒక ముక్క తినండి, రెండు గంటల తరువాత గ్లూకోమీటరుతో చూసుకోండి, మీ డాక్టరు వద్దంటే వద్దు. చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు పడుతుంటే మాత్రం ఈ కేకు పనికిరాదు. ఇందులోని నూనె వల్ల చక్కెర ఆలస్యంగా అందుతుంది. అప్పుడు గ్లూకోజు నీళ్ళే ఇవ్వాలి.

డబ్బా మీద ఏం రాయాలి

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 100 గ్రాములకు చక్కెర అర గ్రాము మించితే "షుగర్ ఫ్రీ" అని రాయకూడదు. "చక్కెర కలపలేదు" అని రాయడానికీ షరతులున్నాయి. బెల్లం, తేనె వేస్తే రాయకూడదని అందరూ ఊహిస్తారు. కానీ చక్కెర బదులుగా ఎండు పళ్ళ గుజ్జు వేసినా ఆ మాట రాయకూడదు. అంటే మన ఖర్జూరం కేకుకు కూడా ఆ మాట చెల్లదు. ఇది చెప్పినప్పుడు తరగతిలో కొంచెం గొడవే అవుతుంది. "బయట అందరూ రాస్తున్నారు కదా, మేము రాయకపోతే మా దగ్గర ఎవరు కొంటారు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. నెలకు పది పన్నెండు కేకులు అమ్మి ఇంటి అద్దెలో కొంత కట్టుకునే మనిషికి ఆ రెండు మాటల విలువ ఎంతో మాకు తెలుసు. అయినా కొనేవాడు ఆ మాట చూసి తన మాత్ర మానేస్తే ఆ బాధ్యత ఎవరిది? వ్యాపారంలో సరుకు లోపాన్ని దాచకూడదని మన పెద్దలు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు, అది అంగట్లో బియ్యానికి ఒక్కదానికే వర్తించదు.

అందుకని మేము నేర్పే చీటీ ఇలా ఉంటుంది: "శుద్ధి చేసిన చక్కెర వాడలేదు. తీపి ఖర్జూరం నుంచి, బత్తాయి నుంచి. 12 ముక్కల కేకు, ముక్కకు చక్కెర సుమారు 9 గ్రాములు, పిండితో కలిపి 19 గ్రాములు. గుడ్లు, గోధుమ, పెరుగు ఉన్నాయి." దాని కింద చేసిన తేదీ, ఇంటి నుంచి అమ్మేవారైనా తప్పక తీసుకోవలసిన రిజిస్ట్రేషన్ నంబరు. చీటీ చదివి ముక్కకు ఎన్ని గ్రాములో చూసి కొనేవాళ్ళు మధురానగర్‌లో ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. మీరు ఆర్డరిచ్చేటప్పుడు చీటీ కావాలని అడగండి, రాసే అలవాటు అమ్మేవాళ్ళకూ పడుతుంది. కేకు బయట ఉంచితే రెండు రోజులు, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే అయిదు రోజులు ఉంటుంది. తినే ముందు అరగంట బయట పెట్టండి, చల్లగా ఉంటే బత్తాయి వాసన తెలియదు.